రాత పరిచర్యలో క్రమశిక్షణ: ఎవరి కోసం రాస్తున్నాం?



ఈ మధ్య ఏ సంఘానికి వెళ్లినా ఆరాధన అయిపోయాక ఇద్దరు ముగ్గురు యౌవనస్థులు మా దగ్గరకు వచ్చి ఇంచుమించు ఒకే మాట అడుగుతున్నారు. "అయ్యగారూ, రాయాలనే భారం ఉంది. మొదలుపెట్టాం కూడా. నాలుగు వారాలు రాశాక ఆగిపోయింది. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?" ఇలా అడిగేవారిలో సంఘ పత్రిక చూసుకునే కార్యదర్శి ఉన్నాడు, సండేస్కూలు పిల్లలకు కథలు రాసే టీచరమ్మ ఉంది, రోజూ ఉదయం సంఘస్థుల ఫోన్లకు వాక్య ధ్యానం పంపే తమ్ముడు ఉన్నాడు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఈ వారం సంపాదకీయంలోనే జవాబు రాద్దామనుకున్నాం.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. సెమినరీలో మేము ప్రసంగం తయారు చేయడం నేర్చుకున్నాం, గ్రీకు నేర్చుకున్నాం, సంఘ చరిత్ర పరీక్షలు రాశాం. వారం వారం ఒక పేజీని తప్పకుండా రాయడం మాత్రం మాకు ఎవరూ నేర్పలేదు. తప్పులు చేసి నేర్చుకున్నాం. ఆ తప్పుల్లో ఒకటి ఒక సహోదరి మనసును గాయపరచింది. దాన్ని కూడా ఈ వ్యాసంలో దాచకుండా రాస్తాం.

ఎందుకు ఆగిపోతుంది?

మొదటి నాలుగు వారాలు రాసేది ఎన్నో ఏళ్లుగా మనసులో పోగైన సంగతులు. అవి తేలికగానే వస్తాయి. ఐదో వారానికి కుండ అడుగు కనిపిస్తుంది. అప్పటికి మెచ్చుకునేవారు కూడా తగ్గుతారు. మొదటి వ్యాసానికి "ఆమేన్", "దేవునికి స్తోత్రం" అంటూ ముప్ఫై మంది జవాబిస్తే నాలుగో దానికి ముగ్గురే ఇస్తారు. ఆ ముగ్గురిలో ఒకరు మన అమ్మే.

అప్పుడు "ప్రేరణ రావడం లేదు" అనుకుంటాం. "ఆత్మ నడిపించినప్పుడు రాద్దాంలే" అని దానికి ఆత్మీయమైన పేరు కూడా పెడతాం. పరిశుద్ధాత్మ నడిపింపును మేము తక్కువ చేయడం లేదు. కాని ఆదివారం ఉదయం కాపరి పుల్పిట్ ఎక్కి "ఈ రోజు ప్రేరణ లేదు, వచ్చే వారం రండి" అనడు కదా! ఎందుకనడు? ఎదురుగా మనుషులు కూర్చుని ఉన్నారు. చంటిపిల్లను ఎత్తుకుని రెండు బస్సులు మారి వచ్చిన తల్లి ఉంది. రాత్రి డ్యూటీ దిగి నిద్ర లేకుండా నేరుగా వచ్చిన తండ్రి ఉన్నాడు. వాళ్లను చూస్తూ ఊరకుండలేడు.

రాసేవాడి ఎదుట ఆ బెంచీలు ఉండవు. కాగితమో, ఫోనో మాత్రమే ఉంటుంది. అందుకే మానేయడం తేలిక. మా అనుభవంలో చదివే మనిషి ముఖం కళ్లముందు లేని చోట ఏ తీర్మానమూ, ఏ టైంటేబులూ ఎక్కువ రోజులు నిలబడలేదు.

ముందు ఒక ముఖం

లూకా సువార్త మొదటి నాలుగు వచనాలను ఈ దృష్టితో ఒకసారి చదవండి. తనకంటే ముందే అనేకులు రాశారని లూకాకు తెలుసు. అయినా మొదటి నుంచి అన్నిటినీ పరిశీలించి, కన్నులారా చూసినవారు అప్పగించిన సంగతులను వరుసగా రాయడానికి పూనుకున్నాడు. ఎవరి కోసం? థెయొఫిలు అనే ఒక మనిషి కోసం. అతనికి ఉపదేశం ముందే అందింది. విన్న సంగతులు నిశ్చయమైనవని అతడు తెలుసుకోవాలన్నదే లూకా ఉద్దేశం. అపొస్తలుల కార్యములు కూడా ఆ పేరుతోనే మొదలవుతుంది. ఒక మనిషికి సంబోధించిన ఆ రెండు పుస్తకాలను ఇప్పుడు లోకమంతా చదువుతోంది.

మేము కూడా మా బల్ల ఎదుట ముగ్గురిని కూర్చోబెట్టుకున్నాం. ఒకరు పల్లెటూరి మామ్మగారు. ఆమెకు చూపు ఆనదు, శనివారం సాయంత్రం మనవరాలు చదివి వినిపిస్తుంది. రెండో ఆమె కువైట్‌లో ఇంటిపని చేసుకునే సహోదరి. పగలంతా చాకిరీ అయ్యాక, రాత్రి పడుకోబోయే ముందు ఫోనులో పది నిమిషాలు చదువుతుంది. ఆమెకు సంఘ కూడిక శుక్రవారం. మూడో వ్యక్తి డిగ్రీలో జంతుశాస్త్రం చదివే తమ్ముడు. ఏది చదివినా ఇది నిజమేనా అని అడుగుతాడు. ముగ్గురూ నిజంగా మాకు తెలిసినవాళ్లే.

కలం పట్టే ముందు ఈ వారం వీరిలో ఎవరికి రాస్తున్నామని అడుగుతాం. ముగ్గురికీ ఒకేసారి రాయబోయిన వారాల్లో ఎవరికీ సరిగా అందలేదు. ఒకరికి శ్రద్ధగా రాసినది మాత్రం విచిత్రంగా మిగతా ఇద్దరికీ కూడా అందింది. మీరు కూడా మీ సంఘంలో ముగ్గురిని ఎంచుకోండి. మిమ్మల్ని పొగిడేవారిని కాదు, మీ మాట అవసరమైనవారిని ఎంచుకోండి.

వారానికి ఒక నడక

ఇక పని సంగతి. రాయడం ఒక్కరోజు పని అనుకుంటే భారమవుతుంది. వారమంతా కొంచెం కొంచెంగా పంచుకుంటే సాగుతుంది. మా అలవాటు ఇది. జేబులో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ఆసుపత్రిలో రోగిని చూడటానికి వెళ్లినప్పుడు, బస్సులో, సమాధి కార్యక్రమంలో మనసుకు తగిలిన సంగతి ఒక్క వాక్యంలో రాసుకుంటాం. సోమవారం ఆ పుస్తకం తిరగేసి ఒక్క విషయం ఎంచుకుంటాం. మంగళవారం వాక్యభాగం చదివి, తెలియనివి వెతుకుతాం. బుధవారం ఉదయం ఐదు గంటలకు లేచి, ఫోను పక్క గదిలో పెట్టి, బాగున్నా బాగోకపోయినా చివరిదాకా రాస్తాం. గురువారం దాన్ని ముట్టుకోం. శుక్రవారం పైకి చదువుకుంటూ దిద్ది, కొట్టేయవలసినవి కొట్టేస్తాం. ఇవే రోజులు మీకు కుదరనవసరం లేదు. రోజు, గంట ముందే నిర్ణయించుకోవడం ముఖ్యం.

గురువారం ముట్టుకోకపోవడం సోమరితనం కాదు. బుధవారం అద్భుతంగా కనిపించిన వాక్యం శుక్రవారం చదివితే సగం గొప్పలు చెప్పుకోవడమేనని తెలుస్తుంది. కోపంతో రాసినదైతే మరీ.

రెండో సలహా. కనీసం మూడు వ్యాసాలు ముందే రాసి పెట్టుకోండి. జ్వరాలు వస్తాయి, పెళ్లిళ్లు వస్తాయి, అర్ధరాత్రి మరణవార్త వస్తుంది. కాపరి ఇంటిలో ఏ వారం మన చేతిలో ఉండదు. మూడోది, చిన్నగా మొదలుపెట్టండి. రోజూ రెండు పేజీలు అని మాట ఇచ్చి నెలలో మానేయడం కంటే వారానికి అర పేజీ అని మాట ఇచ్చి ఏడాది నిలబెట్టుకోవడం మేలు. మన పత్రిక శనివారం వస్తుందని మామ్మగారికి తెలుసు. రాకపోతే ఆమె ఎవరి మీదా ఫిర్యాదు చేయదు. రెండు వారాలు చూసి మూడో వారం మనవరాలిని అడగడం మానేస్తుంది.

లండనులో చార్లెస్ స్పర్జన్ ప్రసంగాలు 1855 నుంచి వారానికి ఒకటి చొప్పున అచ్చయ్యేవి. ఆదివారం ఆయన ప్రసంగిస్తుంటే షార్ట్‌హ్యాండులో రాసుకునేవారు. ఆ ప్రతిని సోమవారం ఆయన కూర్చుని దిద్దేవారు. ఆ వారంలోనే అది అచ్చయి జనం చేతికి వెళ్లేది. గౌట్ నొప్పి, మనసు కుంగిపోవడం ఆయనను ఎంతగా బాధించాయో ఆయన జీవితం చదివినవారికి తెలుసు. 1892లో ఆయన ప్రభువునందు నిద్రించారు. అప్పటికి అచ్చు కాకుండా మిగిలిన ప్రసంగాలు ఎన్ని ఉన్నాయంటే, 1917 వరకు వారం వారం వస్తూనే ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధకాలపు కాగితం కొరతతో ఆగాయి. మొత్తం 63 సంపుటాలు. ఆయన వరాలు మనకు లేకపోవచ్చు. కాని వారంలో ఒక పూటను దిద్దడానికి కేటాయించడానికి పెద్ద వరాలేమీ అక్కరలేదు.

కాలిపోయినా మళ్లీ

కొందరు అలసిపోయి ఆపరు, దెబ్బతిని ఆపుతారు. రాసినదంతా ఫోనుతోపాటు పోయింది, లేదా సంఘ పెద్ద ఒకరు నలుగురిలో చులకన చేశారు. అలాంటివారు యిర్మీయా 36వ అధ్యాయం చదవాలి. యిర్మీయా నోట వచ్చిన మాటలను బారూకు గ్రంథపు చుట్టలో రాశాడు. శీతాకాలపు నగరులో కుంపటి ముందు కూర్చున్న యెహోయాకీము రాజు, మూడు నాలుగు పుటలు చదివించుకున్నప్పుడల్లా వాటిని చాకుతో కోసి నిప్పుల్లో వేయించాడు. చుట్ట అంతా కాలిపోయింది. తరువాత ఏమైంది? యిర్మీయా మరో చుట్ట తీసుకుని ఇవ్వగా బారూకు మళ్లీ మొదటి నుంచి రాశాడు. అధ్యాయం చివరి వచనం ప్రకారం, రెండో చుట్టలో అలాంటి మాటలు ఇంకా అనేకం చేరాయి.

మన భాషకే సంబంధించిన మరో సంగతి ఉంది. 1812 మార్చి 11న శ్రీరాంపూరులో మిషనరీల ముద్రణాలయం అగ్నికి ఆహుతైంది. ఆ సాయంత్రం విలియం కేరీ కలకత్తాలో ఉన్నారు. కాగితం, అనేక భాషల అచ్చు అక్షరాలతోపాటు ఏళ్ల తరబడి రాసిన రాతప్రతులు బూడిదయ్యాయి. అందులో ఆయన తెలుగు వ్యాకరణం కూడా ఉంది. కేరీ మళ్లీ కూర్చున్నారు. రెండేళ్లు తిరిగేసరికి, 1814లో, ఆ తెలుగు వ్యాకరణం అచ్చయి వచ్చింది. పోయిన నాలుగు పేజీల కోసం కలం పారేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ సంగతి గుర్తుండాలి.

"ఇది మనకు కాదేమోలే"

క్రమం తప్పకుండా రాస్తే సరిపోదు. ఒకసారి మేము నీతిమంతులుగా తీర్చబడుటను గురించి మూడు వారాలు వరుసగా రాశాం. సెమినరీ నోట్సు దుమ్ము దులిపి, పెద్ద పెద్ద మాటలతో నింపాం. తోటి కాపరులు ఫోను చేసి మెచ్చుకున్నారు. ఆ నెలలోనే మామ్మగారి ఊరు వెళ్లాం. మనవరాలు మా ఎదుటే ఆ వ్యాసం చదవబోయింది. "ప్రాయశ్చిత్తార్థ ప్రతినిధిత్వము" దగ్గర ఆ పిల్ల నాలుక మడతపడింది. మూడుసార్లు ప్రయత్నించి మా వైపు చూసి తల దించుకుంది. మామ్మగారు నొచ్చుకోకుండా, "పోనీలే అమ్మా, ఈ వారంది మనకు కాదేమోలే, చదువుకున్నోళ్లకేమో" అంది.

మేము ఏ శుభవార్త గురించి రాశామో అది ఆమెకే. మా గొప్ప మాటలు ఆమె వాకిట అడ్డంగా నిలబడ్డాయి. కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో, ఇతరులకు బోధపడే అయిదు మాటలను పౌలు ఎందుకంత పెద్దగా ఎంచాడో ఆ రోజు మాకు అర్థమైంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన తెలుగు బైబిలు గ్రాంథిక భాషలో ఉంది. అయినా మామ్మగారికి అది కష్టం కాదు, చిన్నప్పటి నుంచి విని విని నోటికి వచ్చేసింది. కనుక వచనాన్ని ఆమెకు తెలిసినట్టే చెప్పాలి. కాని వివరణ కూడా అదే ధోరణిలో "ఎట్లనగా", "గనుక మనము గ్రహింపవలసినదేమనగా" అంటూ పోతే, ఏది వాక్యమో ఏది మన మాటో చదివేవారికి తెలియదు. గిడుగు రామమూర్తి పంతులుగారు జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సంఘాల్లో రాసే మనం మాత్రం ఇంకా సగం దూరంలోనే ఉన్నాం. మీరు రాసినది ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. వాళ్లు మొహమాటానికి "బాగుంది" అంటారు, అది పట్టించుకోకండి. "ఏం అర్థమైంది?" అని అడగండి.

పక్షిరాజు కథ

జంతుశాస్త్రం చదివే తమ్ముడి వల్ల మరో పాఠం నేర్చుకున్నాం. పక్షిరాజు నలభై ఏళ్లు వచ్చాక కొండ ఎక్కి, ముక్కును బండకు కొట్టి ఊడగొట్టుకుని, ఈకలన్నీ పీక్కుని, కొన్ని నెలల తరువాత కొత్త బలంతో మరో ముప్ఫై ఏళ్లు బ్రతుకుతుందనే కథను మీరంతా ఏదో ఒక ప్రసంగంలో వినే ఉంటారు. యెషయా 40:31కి ఉదాహరణగా మేము కూడా దాన్ని రాశాం. వారం తిరగకుండా ఆ తమ్ముడి ఉత్తరం వచ్చింది. "అయ్యగారూ, ఇది నిజం కాదు. ముక్కు లేని పక్షి తినలేదు, ఆకలితో చచ్చిపోతుంది. ఈకలు కొంచెం కొంచెంగా రాలి కొత్తవి వస్తుంటాయి. మన పత్రిక అని నా స్నేహితులకు చూపించాను. వాళ్లు నవ్వారు."

ఆ చివరి మాట గుచ్చుకుంది. పక్షి గురించి అబద్ధం రాసిన పేజీలో ఖాళీ సమాధి గురించి రాస్తే ఆ స్నేహితులు ఎలా నమ్ముతారు? తరువాతి సంచికలో తప్పు ఒప్పుకుని దిద్దుబాటు వేశాం. వాక్యానికి ఆ కథ అవసరమే లేదు. యెహోవా కొరకు ఎదురుచూసేవారికి నూతన బలం కలుగుతుందన్న వాగ్దానం ఆ కథ లేకుండానే నిలబడుతుంది.

అప్పటి నుంచి ఎవరో పంపిన కథను మూలం చూడకుండా వాడటం లేదు. వచనం నోటికి వచ్చినా బైబిలు తెరిచి అధ్యాయం, వచనం సరిచూస్తాం. ఫోనులో నాలుగు మాటలు అడిగితే వ్యాసం రాసిపెట్టే యంత్రాలు వచ్చిన రోజులివి. వెతుకులాటలో వాటి సాయం తీసుకునేవారిని మేము తప్పుపట్టం. కాని అది ఇచ్చినదాన్ని చూసుకోకుండా మన పేరుతో పంపితే జవాబుదారీ మనమే. మామ్మగారి ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగింది యంత్రం కాదు, మనం.

ప్రార్థన కోసం చెప్పిన మాట

ఇప్పుడు మొదట చెప్పిన ఆ తప్పు. కొన్నేళ్ల క్రితం ఒక సహోదరి తన ఇంటి కష్టం చెప్పుకుని ప్రార్థించమని మా దగ్గరకు వచ్చింది. ప్రార్థించాం. ఆ నెల క్షమాపణ గురించి రాస్తుంటే ఉదాహరణ కావలసి వచ్చింది. వ్యాసం ఇవ్వవలసిన గడువు దాటిపోతోంది. ఆమె సంగతి కలం చివరకు వచ్చేసింది. పేరు రాయలేదు. ఊరు రాయలేదు. పిల్లల సంఖ్య కూడా మార్చాం. ఎవరికీ తెలియదనుకున్నాం.

ఆదివారానికల్లా ఆమె వీధిలో అందరికీ తెలిసిపోయింది. ఆ వారం నుంచి ఆమె ఆరాధనకు రాలేదు. మేము ఇంటికి వెళ్లాం. లోపలికి పిలిచింది, మంచినీళ్లు ఇచ్చింది. తరువాత ఒక్క మాటే అంది. "అయ్యగారూ, నేను ప్రార్థన కోసం చెప్పాను, పత్రిక కోసం కాదు."

క్షమించమని అడిగాం. క్షమించింది. ఇప్పుడు వేరే సంఘానికి వెళుతోంది, అక్కడ సంతోషంగా ఉందని విన్నాం. కాని ఆ వ్యాసం చదివి ఎంతమంది ఆదరణ పొందినా ఆ లెక్క మాకు సరిపోలేదు. మేము రాసింది పాఠకుల కోసమే కదా అని మమ్మల్ని మేము సమర్థించుకోబోయాం. ఆమె కూడా మా పాఠకురాలే. ప్రతి శనివారం చదివేది. క్షమాపణ గురించి ఆ రోజు మేము రాసినది ఆమె కూడా చదివింది. ఎలా చదివి ఉంటుందో ఇప్పటికీ తలచుకోలేం.

నమ్మకమైన స్వభావం గలవాడు సంగతి దాచునని సామెతల గ్రంథం 11:13 బోధిస్తోంది. రాసేవారికి ఈ వచనం గడువు కంటే పెద్దది. ఇప్పుడు మాకొక నియమం ఉంది. ఎవరి జీవితంలోంచైనా ఒక సంగతి తీసుకుంటే, ముందు వారికే చదివి వినిపిస్తాం. వారు తల ఊపితేనే వేస్తాం. మొహమాటపడుతున్నట్టు కనిపించినా తీసేస్తాం. ఈ వ్యాసంలోని మామ్మగారికి, కువైట్ సహోదరికి, ఆ తమ్ముడికి కూడా వినిపించాం. ఇంతకు పై పేరా రాయాలా వద్దా అని ఆ సహోదరినే ఫోనులో అడిగాం. "రాయండి అయ్యగారూ, ఇంకొకరికి ఇలా జరగకూడదు" అంది.

ఈ వారమే

కాబట్టి రాయాలనే భారం ఉన్నవారు ఈ వారమే మూడు పనులు చేయండి. ఎవరి కోసం రాస్తారో ఆ ముగ్గురి పేర్లు ఒక కాగితం మీద రాసి బైబిలులో పెట్టుకుని వారి కోసం ప్రార్థించండి. వారంలో ఒక రోజు, ఒక గంట నిర్ణయించి ఇంట్లోవారికి చెప్పండి, వారే గుర్తుచేస్తారు. మొదటి వ్యాసం అర పేజీ దాటనివ్వకండి. మానేయాలనిపించిన వారం ఆ కాగితం తీసి పేర్లు చదవండి.

చదివేవారికి కూడా ఒక మనవి. మీ సంఘంలో ఎవరైనా రాస్తుంటే "బాగుంది" అని వదిలేయకండి. ఏది అందిందో, ఏది అందలేదో ప్రేమతో చెప్పండి. మామ్మగారు ఆ రోజు ఊరుకుని ఉంటే మేము ఇంకా ఆ పెద్ద మాటలతోనే రాస్తూ ఉండేవాళ్లం.

వచ్చే శనివారం మళ్లీ కలుద్దాం. ప్రభువు మీ చేతి పనిని స్థిరపరచును గాక. ఆమేన్.